కాలకింకిణి కూతురెవరు?

మా అతిథి గృహంలో దయ్యాలు లేవని ప్రభుత్వం వారి ధ్రువపత్రం ఉంది. పదకొండేళ్ల కిందట ఒక పెద్దమనిషి ఫిర్యాదుల పుస్తకంలో "రెండో గది పైకప్పు మీద ఎవరో నడుస్తున్నారు" అని రాసి పోయాడు. నడిచింది పునుగుపిల్లి. ఆ ముక్క చెప్తే హెడ్డాఫీసు వినలేదు. దయ్యం లేదని తహశీల్దారు చేత రాయించుకు రమ్మంది. ఆయన "లేనిదానికి సర్టిఫికెట్టేమిటయ్యా నా మొహం" అని మూడు నెలలు తిప్పుకుని, ఆఖరికి "రెవెన్యూ రికార్డుల ప్రకారం సదరు కట్టడము దయ్యముల స్వాధీనములో ఉన్నట్లు దాఖలా లేదు" అని రాసి ముద్ర కొట్టి ఇచ్చారు. నేను దాన్ని ఫ్రేము కట్టించి కౌంటరు వెనక తగిలించాను.

ఈ ఏడాది సెప్టెంబరులో అదే హెడ్డాఫీసు నుంచి అదే రంగు కవర్లో ఉత్తర్వు వచ్చింది. నలభై రోజుల్లో దయ్యాలు ఉండి తీరాలని దాని సారాంశం.

నా పేరు గేదెల సన్యాసిరావు. రాష్ట్ర విహార వినోదాభివృద్ధి సంస్థ వారి నీలగెడ్డ రిజర్వాయరు అతిథి గృహానికి మేనేజర్ని. కొండ మీద పన్నెండు గదులు, ఒక భోజనశాల, కింద నీళ్లు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. చూడ్డానికి ఎవరూ రారు, అదొక్కటే లోపం. ఆగస్టులోనే మమ్మల్ని మూసివేతల జాబితాలో ఎక్కించేశారు. నేను పర్మినెంటు ఉద్యోగిని కాబట్టి నాకేం ఢోకా లేదు. ఇంకో ఊళ్లో ఇంకో కుర్చీ వేస్తారు. వాచ్‌మన్ అప్పన్నకి పొలం ఉంది. ఎటొచ్చీ పైడమ్మకే ఏమీ లేదు.

పైడమ్మ మా వంటమనిషి. పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. మొగుడు పోయాక వంటింటి వెనక గదిలోనే కాపురం. రిజర్వాయరు చేపతో ఆవిడ పెట్టే పులుసు తిన్నవాడు ఫిర్యాదుల పుస్తకం అడగడు. జాబితా సంగతి చెప్పిన రోజున పొయ్యి దగ్గర నించుని, "మరి నానెక్కడికెల్తాను బావూ?" అంది. ఏడవలేదు. ఆ మాట అడిగి మళ్లీ ఉల్లిపాయలు తరుక్కుంది.  నేను మాత్రం ఇంటికి వెళ్లి అన్నం ముట్టలేకపోయాను.

అలాంటి సమయంలో వచ్చిందీ ఉత్తర్వు. "విషయము: భయోత్పాదక పర్యాటకము – జనాదరణ పొందిన టెలివిజన్ ధారావాహిక ఆధారముగా భూతగృహ నిర్మాణము – నీలగెడ్డ అతిథి గృహమును ప్రయోగాత్మకముగా ఎంపిక చేయుట – ఆదేశములు – జారీ చేయడమైనది." ప్రయోగం ఫలిస్తే మూసివేత రద్దు అని నాలుగో పేజీ అడుగున ఉంది. నేను ఆ వాక్యం మాత్రం పైడమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను.

ఇంతకీ దీనంతటికీ మూలపురుషుడు మా మేనేజింగ్ డైరెక్టరు ప్రభంజనరావుగారు. ఆయన అధ్యయన యాత్ర మీద విదేశాలకి వెళ్లొచ్చారు. వచ్చిన మర్నాడే అందరు మేనేజర్లనీ వీడియోలో కూచోబెట్టి ఉపన్యాసం ఇచ్చారు.

"అక్కడ అక్టోబరు ఆఖర్న హాలోవీన్ అని పండగ. ఆగస్టు నుంచే హడావుడి మొదలు. ఇంట్లో దయ్యాలున్నాయంటే జనం పారిపోవడం లేదు. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్తున్నారు. వాళ్ల టీవీలో వచ్చే మంత్రగత్తెల్నీ రాక్షసుల్నీ కొంపల్లోకి దింపేశారు. నేను స్వయంగా మూడు గంటలు లైన్లో నిలబడ్డాను. ఒక్కడు గొణిగితే ఒట్టు! మన రాష్ట్రంలో లైన్లకి కొదవ లేదు. భయానికే మౌలిక వసతులు కొరవడ్డాయి."

మన టీవీలో అంతటి మంత్రగత్తె ఎవరంటే కాలకింకిణే. రోజూ రాత్రి ఏడింటికి వస్తుంది. అప్పటికి పద్నాలుగు వందల పన్నెండు భాగాలు అయ్యాయి. ఏడు బురుజుల కోట, ఎగిరే పాములు, అద్దంలో బందీ అయిన రాకుమారి. ఆవిడ ఇప్పటిదాకా ఎవర్నీ చంపలేదు. రోజూ చంపబోతుంది. ఆ చంపబోవడం మీదే నాలుగేళ్లుగా రాష్ట్రమంతా అన్నాలు మాడ్చుకుంటోంది.

"సార్, ఎవరైనా నిజంగా దడుచుకుని ప్రాణం మీదకి తెచ్చుకుంటే?" అని అడిగాను.

"మంచి ప్రశ్న వేశావు సన్యాసిరావ్. దానికి వేరే సర్క్యులర్ వస్తుంది," అన్నారు ఆయన.

ఒకటి కాదు, రెండొచ్చాయి. మొదటిదాంట్లో లక్ష్యాలు. నెలకి కేకలు మూడు వందలు, మూర్ఛలు పదిహేను. రెండోదాంట్లో జాగ్రత్తలు. సందర్శకుల్లో ఎవరు మూర్ఛపోయినా మేనేజరు సస్పెండు. ఏది పాటించాలో వివరణ కోరుతూ రాశాను. "మూర్ఛల లక్ష్యాన్ని తూచా తప్పక చేరుకోవలెను. చేరుకునే క్రమములో ఎవరూ మూర్ఛిల్లకుండ తగు చర్యలు గైకొనవలెను" అని జవాబొచ్చింది. కింద డిప్యూటీ డైరెక్టరు సంతకం పెట్టి, ఇకమీదట అనవసర ఉత్తర ప్రత్యుత్తరాలు కూడదని చేత్తో రాశాడు.

పనివేళలు కూడా ఖరారు చేశారు. దయ్యాలు పొద్దున్న పదిన్నర నుంచి సాయంత్రం అయిదు దాకా. ఒకటిన్నరకి భోజన విరామం. ఆదివారం, రెండో శనివారం సెలవు. పట్టపగలు దయ్యాలేమిటని ఎవరూ అడగలేదు. రాత్రి డ్యూటీకి అలవెన్సు ఇవ్వాల్సొస్తుందని అందరికీ తెలుసు.

ఇక అప్పన్నకి కొరివి దయ్యం వేషం ఇచ్చాం. అగ్నిమాపక నిబంధనల ప్రకారం నిప్పు వాడకూడదు. కాబట్టి చేతిలో టార్చిలైటు, వీపు మీద ఎర్ర గ్యాసు సిలిండరు, అదే నిప్పు ఆర్పేది. ఈ అవతారంలో వాడు వాళ్లావిడకి కనబడితే, "ఏటయ్యా, పొలానికి మందు కొట్టీడానికెల్తన్నావా?" అని అడిగిందట. వాడు మొహం మాడ్చుకుని రెండు రోజులు డ్యూటీకి రాలేదు.

అక్టోబరు ఇరవైన సీరియల్ యూనిట్ దిగింది. ప్రొడక్షన్ మేనేజరు భీమశంకరం, వెంట పద్నాలుగు మంది సెట్టు పనివాళ్లు. భీమశంకరం పాతికేళ్లుగా ఆ రంగంలో నలిగినవాడు. చెప్పులు కూడా వాస్తు చూసి విప్పుతాడు. వస్తూనే ఈశాన్యం మూల కొబ్బరికాయ కొట్టి పని మొదలెట్టాడు. ఆ తర్వాత నన్ను పక్కకి పిలిచి చానల్ వారి షరతులు చెప్పాడు.

"టీవీలో వచ్చిన కథ ఇక్కడ వాడకూడదు సార్. టీవీలో రాబోయే కథా వాడకూడదు. ఎక్కడా రాని కథ కావాలి. రచయిత హైదరాబాదు నుంచి ఏ రోజు సీను ఆ రోజు పొద్దున్నే ఫోన్లో పంపిస్తాడు."

"మొత్తం కథ ఒకేసారి రాసివ్వచ్చుగా?"

భీమశంకరం నన్ను పసిపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. "సీరియల్ సార్ ఇది. మొత్తం కథ ఆయనకి మాత్రం ఏం తెలుసు?"

"కాలకింకిణి వేసే ఆవిడ ఎప్పుడొస్తారు?"

"డేట్లు లేవు. వచ్చే జూన్‌లో రెండు పూటలు ఇస్తానన్నారు."

మేము ఇలా మాట్లాడుకుంటూ ఉంటే కాఫీ గ్లాసులు పట్టుకుని పైడమ్మ వచ్చింది. భీమశంకరం సెట్టు వాళ్లకి అద్దాలు బిగిస్తున్న హాల్లో సింహాసనం ఎడమవైపు పెట్టమని చెప్తున్నాడు. పైడమ్మ ఆగిపోయింది. "ఎడమేపు కాదు బావూ. సింవాసనం కుడేపుంటాది. పోయినేడు కార్తీకంలో కోట కాలిపోయినప్పుడు మార్సీసినారు," అంది. భీమశంకరం ఫోన్లో పాత భాగం తీసి చూసుకున్నాడు. ఆవిడ చెప్పిందే నిజం. మరో పది ప్రశ్నలు అడిగాడు. కాలకింకిణి ఏ చెయ్యి ఎత్తుతుంది, కోపం వస్తే ఏ కన్ను ముందు ఆడుతుంది, నవ్వు ఎన్నిసార్లు. ఆవిడ గ్లాసులు కింద పెట్టి, కొంగు దోపి, అన్నీ చేసి చూపించింది. నేను నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాను.

అలా పైడమ్మ కాలకింకిణి అయింది. పద్నాలుగు కిలోల కిరీటమూ నగలూ, జానెడేసి ఇనప గోళ్లు. అయితే వంట మాన్పించే అధికారం నాకు లేదు, ఇంకో వంటమనిషిని పెట్టుకునే అధికారం అంతకన్నా లేదు. అందుకని ఆ వేషంలోనే వండేది, ఆ వేషంలోనే వడ్డించేది. గోళ్లకి అన్నం మెతుకులు అంటుకుంటాయని ఒకటే బాధపడేది.

అక్టోబరు ముప్పై ఒకటిన తెరిచాం. అధికారిక ప్రారంభోత్సవానికి అమాత్యుల వారి తారీఖు దొరకలేదు. "ప్రారంభోత్సవానికి లోబడి తాత్కాలికముగా నడుపుకొనవచ్చును" అని హెడ్డాఫీసు అనుమతి ఇచ్చింది. మొట్టమొదట వచ్చింది ఇచ్ఛాపురం నుంచి బెవర తవుడు మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు. భార్య, కొడుకులు, కోడళ్లు, మనవలు, మొత్తం పదకొండు మంది. చూసుకుని సాయంత్రం రైలుకి పోదామని వచ్చారు.

కిటికీలకి నల్లగుడ్డలు కట్టిన గదుల్లోంచి నడిపించాం. ఎగిరే పాము ఎగిరింది. కొరివి దయ్యం టార్చి వెలిగించాడు. "ఇదేటి, లైట్‌మేనా?" అన్నాడు మాస్టారి మనవడు. ఎవరూ జడుసుకోలేదు. ఆఖరున అద్దాల హాల్లో సింహాసనం మీద నుంచి కాలకింకిణి లేచింది. పదకొండు మందినీ ఒక్కొక్కరినే చూసింది.

"ఇరవయ్యేళ్ల కిందట తప్పిపోయిన నా కూతురు మీలోనే ఉంది! మారువేషంలో ఉంది! ఆమెకి నా ఏడు బురుజుల కోట! మిగతావాళ్లకి..." అని కుడిచెయ్యి పైకెత్తింది.

ఉరుము ఉరిమింది. సెట్టు కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చి ఒక్కొక్కరి మొహం మీదా మూడేసిసార్లు లైటు వేశారు. సీరియల్లో అదే పద్ధతి కదా, ఎవర్నీ వదలకూడదు. పదకొండు మొహాలు, ముప్పై మూడు మెరుపులు. అది పూర్తయ్యాక గదిలో మామూలు లైట్లు వెలిగాయి. భీమశంకరం చేతులు జోడించి, "మిగతాది రేపు పదిన్నరకండి," అన్నాడు.

మాస్టారికి ఒళ్లు మండింది. "రేపేటండీ? టికెట్టు ఇవాళ కొన్నాం!"

"ఇవాళ్టికి సీను పేపరు ఇంతే వచ్చింది సార్."

"ఆ ఎత్తిన చెయ్యి ఏమైనట్టు?"

"నాకేం తెలుసు సార్? రాసేవాడికే తెలీదు."

భార్యాభర్తలు వరండాలో గుసగుసలాడుకున్నారు. పెద్దకోడలు సెలవు పెట్టింది. మనవలు గోల చేశారు. పావుగంట పోయాక మాస్టారు కౌంటరు దగ్గరికొచ్చి, గోడ మీది ధ్రువపత్రాన్ని కింద నుంచి పైకి చదివి, "మూడు గదులివ్వండి. ఈ ఒక్క రాత్రికే," అన్నారు. తాళంచేతుల కోసం సొరుగంతా వెతికాను. నీలగెడ్డలో ఒకే రోజు మూడు గదుల తాళాలు తియ్యడం నా హయాంలో అదే మొదలు.

ఒక్క రాత్రి నాలుగైంది, నాలుగు పదైంది. మర్నాడు ఆ చెయ్యి దిగింది గానీ, దిగుతూ దిగుతూ అద్దం పగిలింది. అద్దం సంగతి తేలేలోపు కొత్తవాళ్లు వచ్చారు. వాళ్ల మొహాల మీదా లైట్లు పడ్డాయి. ఎంతమంది వస్తే అంతమంది మీదా అనుమానమే. రెండో వారానికి పన్నెండు గదులూ నిండి, ఆవరణలో గుడారాలు లేచాయి. పొద్దున్నే హైదరాబాదు నుంచి కొత్త ఆనవాలు వచ్చేది. కూతురికి ఎడమకాలి మీద పుట్టుమచ్చ అన్న రోజున జనం చెప్పులు విప్పేసి తిరిగారు. కూతురు కాకరకాయ తినదు అన్న రోజున భోజనశాలలో అరవై విస్తళ్లలో కాకరకాయ కూర వేసింది వేసినట్టే ఉండిపోయింది.

"నాకు పుట్టినప్పట్నుంచీ కాకరకాయ పడదండి," అన్నారు తవుడు మాస్టారు, అందరికీ వినబడేలా.

"మొన్న రెండుసార్లు వేయించుకున్నారు కదా?" అంది వాళ్లావిడ.

"నువ్వు ఊరుకో. ఏడు బురుజుల కోట అంటే మాటలా?"

డెబ్బై ఏళ్ల మనిషి, మీసం ఉన్న మనిషి, తను తప్పిపోయిన కూతురేమోనని నిద్రపోవడం మానేశాడు. ఆయన్ని చూసి నవ్వినవాళ్లు తమ ఎడమకాళ్లు చూసుకుంటూ నవ్వారు. అదీ మా వైభోగం.

హెడ్డాఫీసుకి మాత్రం సంతృప్తి లేదు. ప్రతి సందర్శకుడి చేతా భయ ధ్రువీకరణ పత్రం మూడు కాపీల్లో నింపించి పంపాలి. జనం ఉన్నమాట రాసేవారు. "భయం వెయ్యలేదు. రేపేమవుతుందోనని గుండె పీకుతోంది," అని. వారం వారం వీడియోలో సమీక్ష.

"సన్యాసిరావ్, కేకల్లో నువ్వు రాష్ట్రంలో అట్టడుగున ఉన్నావు," అన్నారు ప్రభంజనరావుగారు.

"సార్, రాష్ట్రంలో భూతగృహం నాదొక్కటే కదండీ."

"అయినా సరే. మూర్ఛలు ఎన్ని?"

"ఒక్కటీ లేదు సార్. కానీ గదులన్నీ నిండాయి. జనం వెళ్లమంటే వెళ్లడం లేదు."

"అది నీ లక్ష్యాల్లో లేదు. లేనిదాన్ని సాధించి ఉన్నదాన్ని వదిలేస్తే ఎలా?" అని ఆయన చాలాసేపు ఆలోచించి, గుండె పీకడాన్ని అర మూర్ఛ కింద లెక్కించవచ్చని పెద్ద మనసు చేసుకున్నారు. ఆ ముక్క వినగానే పైడమ్మ గోళ్ల చేతులతో దణ్ణం పెట్టింది. "అయితే మనల్ని మూసీరు కదా బావూ?" అని అడిగింది. మూసెయ్యరనే చెప్పాను. నేనూ నమ్మాను, నా బుద్ధి గడ్డి తిని.

నవంబరు ఇరవై ఎనిమిదిన ప్రారంభోత్సవం పెట్టారు. అమాత్యుల వారు ఆఖరి నిమిషంలో రాలేకపోయారు. ప్రభంజనరావుగారే వచ్చారు. తెల్లచొక్కా, మెళ్లో ట్యాగు, డిక్కీలో పాతిక కిలోల గుమ్మడికాయ. హాలోవీన్‌కి గుమ్మడికాయే ప్రాణమట, ఆయన కళ్లారా చూశారట. ఆఫీసు వాళ్లు దాని మీద కుంకంతో కళ్లూ పళ్లూ గీశారు. యూనిట్ వాళ్లు, అతిథులు, అందరూ మెట్ల దగ్గర గుమిగూడారు. పురోహితుడు కర్పూరం వెలిగించాడు. ప్రభంజనరావుగారు ఆ కాయని అతికష్టం మీద తలదాకా ఎత్తి, "భయోత్పాదక పర్యాటకాన్ని ప్రజలకి అంకితం చేస్తున్నాను!" అని నేలకేసి కొట్టారు.

కాయ బద్దలవగానే యూనిట్ వాళ్లు ఒక్కసారిగా చప్పట్లు కొట్టి ఈలలు వేశారు. ఒకళ్లనొకళ్లు కావిలించుకున్నారు. ఎవరో లడ్డూలు పంచారు. సంతోషించారు కాబోలనుకుని ప్రభంజనరావుగారు కూడా ఒక లడ్డూ తిన్నారు. ఈలోపు పద్నాలుగు మంది లోపలికి పోయి కిటికీల గుడ్డలు పీకడం మొదలెట్టారు. ఎగిరే పాము చుట్ట చుట్టుకుని పెట్టెలోకి పోయింది. అద్దాలు గోనెల్లోకెక్కాయి. ఒకడు పైడమ్మ దగ్గరికి వచ్చి, "అమ్మా, కిరీటం," అని చెయ్యి చాపాడు.

"ఏమిటిదంతా? ఏం చేస్తున్నారు?" అని అరిచారు ప్రభంజనరావుగారు.

భీమశంకరం కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. "నాకు తెలీదు సార్ ఇవాళే ఆఖరని. ముందుగా ఒక్క మాట చెప్తే యూనిట్‌కంతా గ్రూప్ ఫోటో పెట్టించేవాణ్ణి."

"ఆఖరేమిటయ్యా! ఇది ప్రారంభోత్సవం!"

"గుమ్మడికాయ కొట్టారు కదండీ. షూటింగు మొదలెడితే కొబ్బరికాయ, అయిపోతే గుమ్మడికాయ. మా రంగంలో చంటిపిల్లాడికి తెలుసు. కాయ పగిలాక ఇంక ఒక్క లైటు వెలిగించకూడదు సార్. వెలిగించినవాడు బాగుపళ్లేదు."

"నేను ఉత్తర్వు ఇస్తాను!"

"మీ ఉత్తర్వు మీ ఉద్యోగులకి సార్. గుమ్మడికాయ అందరికీ."

రెండు లారీలు గంటలో కొండ దిగిపోయాయి. ప్రభంజనరావుగారు వరండా కుర్చీలో కూలబడ్డారు. ఎంతైనా అధికారి కదా, అయిదు నిమిషాల్లో తేరుకున్నారు. నన్ను పిలిచి రాసుకోమన్నారు. "భూతగృహ పథకము ప్రారంభోత్సవమును, విజయవంతమైన ముగింపును ఒకే వేదికపై జరుపుకొని సమయపాలనలో రికార్డు సృష్టించినది. పథకము పూర్తి అయినందున సదరు అతిథి గృహము ఆవశ్యకత తీరినది. ఒకటవ తేదీ నుంచి మూసివేయడమైనది." మూసివేత ఫైలు హెడ్డాఫీసులో ఆయన బల్ల మీదే ఉందట. సాయంత్రం వెళ్లగానే సంతకం పెట్టేస్తానన్నారు. నా కలం ఆగిపోయింది. "సార్, పైడమ్మ అని ఒక మనిషి ఉంది," అన్నాను. "కాంట్రాక్టు కదా?" అన్నారు. 

తలుపు పక్కన నించుని పైడమ్మ అంతా వింది. కిరీటం పోయి, గోళ్లు పోయి, మళ్లీ నూలు చీరలో ఉంది. నాకు ఆవిడ మొహంలోకి చూసే ధైర్యం లేకపోయింది. "ఇస్తళ్లేసీసినాను బావూ. ఆయనగోర్నీ తినీసి ఎల్లమనండి," అని లోపలికి వెళ్లింది.

భోజనశాలలో డెబ్బై మంది మొహాలు వేలాడేసుకుని కూచున్నారు. సంచులు సర్దుకున్నవాళ్లు కొందరు. ప్రభంజనరావుగారిని మధ్యలో కూచోబెట్టాను. చేపల పులుసు వాసనకి ఆయన కాస్త మెత్తబడ్డారు. పైడమ్మ గరిటె పట్టుకుని వరసగా వడ్డిస్తోంది. తవుడు మాస్టారి దగ్గరికి వచ్చేసరికి ఆయన ఇంక ఆపుకోలేకపోయారు.

"పైడమ్మా, నిన్న మళ్లీ చెయ్యి ఎత్తావు కదా. నీ పుణ్యం ఉంటుంది, ఆ తర్వాతేటో చెప్పి పంపమ్మా. తెలీకుండా ఇంటికెలా పోతాం?"

పైడమ్మ నా వైపు చూసింది. ఆ రోజు సీను పేపరు లేదు. ఇంక ఏ రోజూ రాదు.  ఆవిడ గరిటె అలాగే పట్టుకుని, నెమ్మదిగా మొదలెట్టింది.

"మరేటవుతాది? కాలకింకిణి ఎత్తిన సెయ్యి ఎత్తినట్టే ఉండగా కోట వాకిట్లో బండి సప్పుడైంది. ఒకాయనగోరు దిగీరు. తెల్లసొక్కా, మెళ్లో బిళ్ల. శానా దూరం నుండొచ్చీరు. ఈ కోట మూసీండని సెప్పీడానికొచ్చీరు."

ప్రభంజనరావుగారి చెయ్యి నోటి దగ్గర ఆగింది.

"ఒచ్చీరు గానీ ఆకలేసీసింది. అన్నానికి కూకున్నారు. కాలకింకిణి ఆయనకేసి సూసింది. సూసి అదిరిపోనాది. ఎందుకంటే ఆయన ఎడంకాలి మీద..."

డెబ్బై మందీ బల్ల కిందకి వంగారు. ప్రభంజనరావుగారు కాళ్లు వెనక్కి లాక్కున్నారు.

"ఎడంకాలి మీద ఏటుంది పైడమ్మా?" అన్నారు మాస్టారు బల్ల కింద నుంచే.

"మిగతాది రేపు," అంది పైడమ్మ. "గిన్నెలు కడగాల."

సంచులు సర్దుకున్నవాళ్లు గదుల్లోకి వెళ్లి విప్పేసుకున్నారు. నాలుగు గంటలకి కారు సిద్ధంగా ఉందని డ్రైవరు చెప్పాడు. ప్రభంజనరావుగారు ఫోను తీసి, నీలగెడ్డలో క్షేత్రస్థాయి పరిశీలన మరొక రోజు అవసరమని హెడ్డాఫీసుకి చెప్పారు. మూడో గదివాళ్లని గుడారంలోకి మార్చి, ఆ గది తనకి ఇప్పించమన్నారు. సాయంత్రం నన్ను ఆ గదిలోకి పిలిచి, తలుపు గడియ పెట్టి, ఎడమకాలి మేజోడు విప్పారు.

"నిజం చెప్పు సన్యాసిరావ్. ఇది పుట్టుమచ్చేనంటావా?"

వంగి చూశాను. చీలమండ పక్కన కందిగింజంత నల్లగా ఉంది. చిన్నప్పుడు టపాకాయ కాలిన మచ్చలా ఉంది. "పుట్టుమచ్చే సార్," అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో పై అధికారికి అంత నిండు మనసుతో నేనెప్పుడూ వత్తాసు పలకలేదు.

ఇవాళ్టికి పంతొమ్మిది రోజులైంది. లైట్లు లేవు, ఉరుములు లేవు. అప్పన్న సిలిండరు దింపేసి గేటు దగ్గరే ఉంటున్నాడు. మధ్యాహ్నం భోజనంలో పైడమ్మ రోజుకింత చెప్తుంది. గుడారాలు ఇంకో నాలుగు వేశాం. హెడ్డాఫీసు నుంచి రెండు రోజులకోసారి జాబు వస్తుంది. "మూసివేత దస్త్రము తమ సంతకము నిమిత్తము వేచియున్నది." నేను దాన్ని మూడో గదికి పట్టుకెళ్తాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చదివి, పక్కన "మాట్లాడండి" అని రాసి తిప్పి పంపిస్తారు. ఎవరు ఎవరితో మాట్లాడాలో రాయరు. కొండెక్కి వచ్చి మాట్లాడేవాడు హెడ్డాఫీసులో ఎవడూ లేడు.

నిన్న మధ్యాహ్నం అందరూ లేచిపోయాక ప్రభంజనరావుగారు ఒక్కరే విస్తరి ముందు మిగిలారు. నేను పక్క బల్ల మీద రిజిస్టరు రాసుకుంటున్నాను. పైడమ్మ పులుసు గిన్నె పట్టుకొచ్చింది. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"ఎవరితోనూ అనను పైడమ్మా. ఆ కూతురు నేనేనా?"

పైడమ్మ గరిటె ఆపి ఆయనకేసి చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అది తెలిసిపోతే మీరందరూ ఎల్లిపోరా బావూ?" అంది.

 ఆయన విస్తరి ముందుకి జరిపి ఇంకో గరిటెడు పులుసు వేయించుకున్నారు.